‘అరవ్’ అంటే అరవమని కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలి గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. పక్క గదిలోంచి పులిహోర వాసన కూడా వస్తోంది. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

ఈ ఏడు ట్రిప్పుకు వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ ఎందుకు వెళ్లాలో చెప్పమన్నారు. కిందటి నవంబరులో వెళ్లాం కదా అంటారా? బర్మింగ్‌హామ్ నుంచి మూడు గంటలు బస్సులో కూర్చున్నాం, సముద్రం ముందు ఫొటోలు దిగాం, డబ్బాలు విప్పుకుని తిన్నాం. మూడున్నరకల్లా బస్సెక్కించేశారు. దాన్ని వెళ్లడం అనరండీ!

అక్కడ 1865లో కట్టిన పియర్, అంటే సముద్రంలోకి చొచ్చుకెళ్లే వంతెన, ఒకటుంది. తుఫాన్లు చాలా భాగం ఎత్తుకుపోగా, మిగిలిన ముక్క కింద చలికాలంలో స్టార్లింగులు రాత్రికి తలదాచుకుంటాయి. మన గోరింకల దాయాదులే. చీకటి పడబోయే ముందు వేలాదిగా వచ్చి, పొగ మెలికలు తిరిగినట్టు ఆకాశంలో తిరిగి, ఒక్కసారిగా దిగిపోతాయి. అవి వచ్చే వేళకు మనం బస్సులో అంత్యాక్షరి ఆడుతున్నాం. ఏడాదిగా నాకిదే బాధ.

కొండెక్కే రైలు 1896 నాటిది. తాడుతో కట్టిన రెండు పెట్టెలు, ఒకటి దిగితే ఒకటి ఎక్కుతుంది. మొదట్లో పై పెట్టె ట్యాంకులో నీళ్లు నింపితే ఆ బరువుకు అది దిగుతూ కింది పెట్టెను పైకి లాగేదట. 1921లో కరెంటు పెట్టారు. నడక కన్నా కాస్త వేగం, అంతే. ఆ కొండ మొదట్లో ప్రామెనేడ్, అంటే సముద్రం ఒడ్డు నడకదారి, చివరి కమ్మీని కాలితో తన్ని వెనక్కి తిరగడం ఊరి ఆచారం. మనం సగం దూరం కూడా నడవలేదు.

అన్నట్టు, అక్కడి రోడ్ల మీద తెల్ల రంగుతో ‘అరవ్’ అని రాసి ఉంటుంది. ఎలా పలకాలో నేను చెప్పగానే మా మనవడు బస్సు అదిరేలా అరిచాడు. “ఏంట్రా?” అంటే, “అరవమన్నారుగా తాతయ్యా!” అన్నాడు. వేల్స్ వాళ్ల భాష వెల్ష్‌లో దానర్థం ‘నెమ్మదిగా’.

నవ్వండి గానీ, ఆ భాష ఊరికే రోడ్డెక్కలేదు. 1963 ఫిబ్రవరి 2న కుర్రాళ్లు వెల్ష్ వాడాలంటూ ఆ ఊరి పోస్టాఫీసుకు పోస్టర్లు అంటించారు. అరెస్టు చేస్తే, ఇంగ్లీషులోనే ఇచ్చే సమన్లు వెల్ష్‌లో ఇమ్మని అడగాలని వాళ్ల ఎత్తు. ఎవరూ అరెస్టు చెయ్యలేదు! అప్పుడు వెళ్లి, చలిలో, ట్రెవెఖన్ వంతెన మీద అడ్డంగా కూర్చున్నారు. బళ్లు ఆగిపోయాయి. మన బస్సు ఆ వంతెన దాకా వెళ్లలేదు, ‘టైం లేదు’ అన్నారు.

సరే, కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సముద్రం ఒడ్డున పాత కాలేజీ భవనం సంగతి చెప్పనేలేదు. రైల్వే కాంట్రాక్టరు ఒకాయన హోటలని మొదలుపెట్టి దివాలా తీశాడు, 1872లో అందులో యూనివర్సిటీ తెరిచారు. మిగతాది భోజనాల దగ్గర చెప్తాను.

ఇప్పుడొక్కటే అడుగుతున్నాను. మళ్లీ నవంబరులోనే వెళదాం, తిరుగు బస్సు మాత్రం ఆరింటికి. సరేనన్నవాళ్లు చేతులెత్తండి. పిల్లలూ, ఒక్కొక్కరు ఒక్క చెయ్యే!