నైట్ డ్యూటీ, నిద్రమత్తు, ఒక మాత్ర

అందరికీ నమస్కారం.

ఈమధ్య నా దగ్గరికి ఒక నర్సమ్మగారు వచ్చారు. డ్యూటీ విజయవాడలో, ఇల్లు తాడేపల్లిలో. "సార్, పొద్దున స్కూటీ మీద వారధి ఎక్కినట్టు గుర్తుంది, దిగినట్టు గుర్తు లేదు. నిద్ర రాకుండా ఏదో మాత్ర ఉందట కదా, రాసివ్వండి" అన్నారు.

ఉంది. దాని పేరు మొడాఫినిల్. షిఫ్టు డ్యూటీల వల్ల వచ్చే విపరీతమైన నిద్రమత్తుకు అమెరికాలో 2004లో అనుమతించారు. దాన్ని ఎలా పరీక్షించారో వినండి. నిద్ర మీద పరిశోధనలు చేసే చార్లెస్ సైస్లర్ బృందం ఈ జబ్బున్న 209 మందిని మూడు నెలలు చూసి, 2005లో ఫలితాలు అచ్చువేసింది. డ్యూటీకి ముందు కొందరికి 200 మిల్లీగ్రాముల మాత్ర, మిగతావాళ్లకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో వేసుకున్నవాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు.

రాత్రిపూట తలకు వైర్లు అంటించి, మంచం మీద పడుకోబెట్టి, లైటు ఆర్పేస్తారు. ఎన్ని నిమిషాల్లో నిద్రలోకి జారుకున్నారో మెదడు తరంగాలు చెబుతాయి. కంటినిండా నిద్రపోయిన మనిషికి పగలు ఈ పరీక్ష పెడితే పది నిమిషాలు దాటుతుంది. వీళ్లకు రెండే నిమిషాలు! చేతిలో టీ కూడా చల్లారదు. మందు వాడాక అది 3.8 నిమిషాలైంది. ఐదు నిమిషాల లోపంటే ఇంకా తీవ్రమైన నిద్రమత్తు కిందే లెక్క.

మేలు జరగలేదని కాదు. ఇంటికెళ్లే దారిలో ప్రమాదం జరిగిందనో, వెంట్రుకవాసిలో తప్పిందనో చెప్పినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 54 శాతం, మందు వేసుకున్నవాళ్లలో 29 శాతం. అంత తేడా చిన్నదేమీ కాదు. కానీ ఆ 29 శాతం మంది సంగతే నన్ను వదలదు.

తలనొప్పి వస్తుంది, కొందరికి పగటి నిద్ర పట్టదు. అరుదుగా ఒంటిమీద ప్రమాదకరమైన దద్దుర్లు లేస్తాయి. గర్భం రాకుండా వాడే హార్మోన్ మాత్రల పనిని ఇది తగ్గిస్తుంది, గర్భిణులు అసలు వాడకూడదు. ఈ ముక్క ఆడవాళ్లకు చెప్పకుండా మందు రాయడం తప్పని నా అభిప్రాయం.

"పగలు ఎన్నింటికి పడుకుంటారమ్మా?" అని అడిగాను. "వంట చేసి, బట్టలుతికి, పదకొండింటికి సార్. రెండున్నరకు పిల్లలొస్తారు." మూడున్నర గంటలు! గురక ఉందేమో కనుక్కుని, ముందు వాళ్లాయన్ని తీసుకురమ్మన్నాను. ఇప్పుడు పొద్దుటి వంట ఆయనదే, ఈవిడ తొమ్మిదికల్లా పడుకుంటున్నారు. స్కూటీ మానేసి బస్సెక్కుతున్నారు. అయినా మొన్నొకరోజు తాడేపల్లి దాటిపోయి మంగళగిరిలో మెలకువ వచ్చిందట.

అందుకే ముందు వరసలో కూర్చున్న యాజమాన్యాల వారిని అడుగుతున్నాను. నైట్ దిగేవాళ్లకు ఒక వ్యాను పెట్టండి. డ్యూటీ మధ్యలో ఇరవై నిమిషాలు నడుం వాల్చడానికి ఒక గది, రెండు మంచాలు ఇవ్వండి.

ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు ముందు అడగండి, మిగతావాళ్లతో తర్వాత కూర్చుంటాను.