పిగ్మీ బ్లూటంగ్: సాలీడు తవ్విన బొరియే ఈ బల్లికి దిక్కు

తెర మీద ఉన్నది దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్రా చుట్టుపక్కల ఎండు గడ్డి నేల. అదిగో, ఆ చిన్న కన్నంలోంచి తొంగిచూస్తోంది చూడండి, అదే పిగ్మీ బ్లూటంగ్. పేరులో నీలం ఉంది కానీ దీని నాలుక గులాబీ రంగు. 1959 తర్వాత ఎవరి కంటా పడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1992లో బర్రా దగ్గర రోడ్డు మీద చచ్చిపడిన బ్రౌన్ స్నేక్ కడుపులో మళ్లీ దొరికింది.

ఇది బయట పెద్దగా తిరగదు. తోడేలు సాలీళ్లు, ట్రాప్‌డోర్ సాలీళ్లు తవ్విన నిట్టనిలువు బొరియల్లో ఉంటుంది. గుమ్మంలోనే ఎండ కాచుకుంటుంది. మిడత దగ్గరికొస్తే దూకి పట్టుకుని వెనక్కి దూరుతుంది. అందుకే నేలలో డబ్బాలు పాతి పట్టే పద్ధతి దీని దగ్గర పనిచేయదు. సన్నని గొట్టంలాంటి ఫైబర్ కెమెరాను ఒక్కో బొరియలోకి దించి చూడాల్సిందే.

నేలను ఒక్కసారి దున్నితే బొరియలన్నీ పోతాయి. బల్లి సొంతంగా తవ్వుకోదు కాబట్టి మళ్లీ సాలీళ్లు వచ్చి తవ్వేదాకా దానికి చోటే లేదు.

మరి ఈ గడ్డి నేలల్లో మేసే గొర్రెల సంగతి? కంచె వేసి వాటిని పూర్తిగా ఆపేస్తే మేలని అనిపిస్తుంది, కానీ అది పొరపాటే. గడ్డి ఏపుగా పెరిగితే గుమ్మంలోకి ఎండ రాదు, వచ్చే మిడతా కనబడదు. అలాగని మందలు ఎక్కువైతే గిట్టల కింద అంచులు విరిగి మన్ను లోపల పడుతుంది, బొరియ లోతు తగ్గిపోతుంది. మితంగా మేపడమే మా లెక్కలో సరైన దారి.

బొరియలు చాలని చోట చెక్క గొట్టాలు పాతుతారు. పొడవు 30 సెంటీమీటర్లు, మధ్యలో 2 సెంటీమీటర్ల కన్నం. ముందు గడ్డపారతో గుంత చేసుకుని, పై అంచు నేలకు సమంగా వచ్చేలా దించాలి. కన్నం బల్లి తల పట్టేంతే ఉండాలి. వెడల్పైతే బల్లి ఇష్టపడదు, లోతు తక్కువైనా అంతే.

కొత్త చోట వదిలిన బల్లులతో ఇంకో చిక్కుంది. బొరియ నచ్చకపోతే మొదటి రోజుల్లోనే దూరం వెళ్లిపోతాయి. అలా తిరిగేటప్పుడే పాములకూ పక్షులకూ చిక్కేది. బొరియ పక్కనే తిండి అందిస్తే వెళ్లిపోవడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని బల్లుల్ని దక్షిణాన కాస్త చల్లగా ఉండే టార్లీ వైపు తరలించారు. అక్కడా ముందు సిద్ధం చేయాల్సింది బొరియలే.