రిపోర్టులో కనిపించే నిద్ర

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు నైట్ డ్యూటీలు చేసే మన తెలుగువాళ్లు కొందరు తెల్లారి క్యాబ్ దిగీ దిగగానే ల్యాబుకు వెళ్లిపోతారు. ఎలాగూ పరగడుపే కదా అని! సాయంత్రానికి రిపోర్టు వస్తుంది. తెల్లకణాలు 12,000, షుగరు 108. ఇక గుండెల్లో రాయి.

తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి కొన్ని ఎప్పుడూ రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటాయి. నిద్ర చాలకో, టెన్షన్‌తోనో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగితే ఇవి గోడ వదిలి ప్రవాహంలోకి వచ్చేస్తాయి. దాక్కున్నవాళ్లు బయటికొస్తే తలలెక్క పెరిగినట్టే. 4,000 నుంచి 11,000 ఉండాల్సిన సంఖ్య, మెట్లు గబగబా ఎక్కి వచ్చినా కాసేపు పెరగొచ్చు. జ్వరం, ఇతర బాధలు లేకుంటే డాక్టరును అడిగి, ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించుకోవచ్చు.

షుగరుదీ దాదాపు ఇదే కథ. కార్టిసాల్ కాలేయం చేత గ్లూకోజు విడుదల చేయిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అయితే ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఆ కణాలకు అంటిన షుగరును కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం ఒక్క రాత్రికి మారదు. అది 5.7 శాతం దాటితే నెపం నిద్ర మీదకు నెట్టకండి.

రిపోర్టు చెప్పని సంగతి ఒకటుంది. దీర్ఘకాలపు ఒత్తిడిలో ప్లేట్‌లెట్లకు అతుక్కునే గుణం పెరగొచ్చు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ కూడా. కాగితం మీద మాత్రం ప్లేట్‌లెట్లు 2 లక్షలు, అంతా నార్మల్! అక్కడ లెక్కించేది సంఖ్యనే, జిగటను కాదు.

గట్టిగా గురక పెట్టే మగవారికి హిమోగ్లోబిన్ 17 దాటితే ‘రక్తం బాగా పట్టింది’ అని మురిసిపోవద్దు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆక్సిజన్ పడిపోతుంటే, ఎర్రకణాలు పెంచమని మూత్రపిండాలు హార్మోను పంపుతాయి. పొగతాగడం వల్లా పెరుగుతుంది. హిమోగ్లోబిన్ తగ్గితే మాత్రం టెన్షన్ వల్లే అని ఊరుకోకూడదు. ఐరన్ లోపమే కాళ్లలో చిరాకు పుట్టించి నిద్ర చెడగొడుతూ ఉండవచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి.

నైట్ డ్యూటీవాళ్లు వీకాఫ్‌లో, రెండు రాత్రులు ఏడేసి గంటలు పడుకున్నాక శాంపిల్ ఇవ్వండి. ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. తెల్లవారుజామున మూడింటికి తిన్న బిస్కెట్లు, తాగిన ఫిల్టర్ కాఫీ కూడా లెక్కే. ల్యాబులో పది నిమిషాలు కూర్చున్నాకే చెయ్యి చాపండి. ఏ షిఫ్టు, ముందు రోజు ఎన్ని గంటల నిద్ర అన్నది రిపోర్టు మీదే రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.