గలిపోలిలో చూపు పోయింది, డెహ్రాడూన్ దాకా వచ్చాడు

నమస్కారమండీ. ఇవాళ క్లూథా మెకెంజీ గురించి మాట్లాడుకుందాం. ఈ న్యూజిలాండ్ సైనికుడి పేరు మనలో చాలామంది విని ఉండరు. కానీ చూపులేని మన తెలుగు పిల్లలు ఇవాళ వేళ్లతో తడిమి చదువుకునే బ్రెయిలీ వెనక ఈయన పాత్ర ఉంది.

1915 ఆగస్టు, మొదటి ప్రపంచ యుద్ధం. టర్కీలోని గలిపోలి దగ్గర చునుక్ బయిర్ అనే గుట్ట మీద పోరులో రెండు కళ్లూ పోయాయి. అప్పటికి ఇరవయ్యేళ్లు. తండ్రి 1912లో కొన్నాళ్లు న్యూజిలాండ్ ప్రధానమంత్రిగా చేసినాయన. కొడుకుని ఇంట్లో కూర్చోబెట్టి చూసుకోలేక కాదు. ఈయనే కూర్చోలేదు.

లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అని, చూపు పోయిన సైనికుల కోసం ఆర్థర్ పియర్సన్ పెట్టిన సంస్థ ఉండేది. పియర్సన్‌కీ చూపు లేదు, పెద్ద పత్రికల యజమాని. అక్కడ ఓదార్పులు తక్కువ, పని ఎక్కువ. బ్రెయిలీ, టైపింగ్, బుట్టలల్లడం, కోళ్ల పెంపకం, మసాజ్, టెలిఫోన్ ఎక్స్చేంజి... ఏదో ఒకటి చేతికి పట్టించి పంపేవాళ్లు. మెకెంజీ అక్కడ తేరుకుని న్యూజిలాండ్ సైనికుల పత్రికకు ఎడిటర్ అయ్యాడు.

1921 ఉపఎన్నికలో ఆక్లాండ్ ఈస్ట్ నుంచి పార్లమెంటుకు వెళ్లాడు. మరుసటి ఏడే ఓడిపోయాడు. ఓడించిందెవరో తెలుసా? జాన్ లీ, అదే యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న సైనికుడు! సానుభూతి ఓటు ఎటు వెయ్యాలో ఓటర్లకి తోచి ఉండదు పాపం. తర్వాత 1923 నుంచి 1938 దాకా ఆక్లాండ్ అంధుల సంస్థకు డైరెక్టరు. మధ్యలో సర్ బిరుదూ వచ్చింది.

ఇక మన దేశం సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన మన జవాన్ల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్ పెట్టి, మెకెంజీకి అప్పజెప్పారు. జవాన్లతో సరిపెట్టుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆయన మాత్రం దేశంలోని అంధులందరి స్థితి మీద 1944లో వచ్చిన ప్రభుత్వ నివేదికలోనూ పనిచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఆ హాస్టల్‌ని మన ప్రభుత్వం తీసుకుంది. ఇవాళ డెహ్రాడూన్‌లో చూపులేనివాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు పునాది అదే.

ఆ రోజుల్లో మన దేశంలో బ్రెయిలీ ప్రాంతానికొకటి. ఒకచోట నేర్చుకున్నవాడు ఇంకోచోట అచ్చయిన పుస్తకం చదవలేడు. భారత ప్రభుత్వం 1949లో యునెస్కోని కదిపింది. యునెస్కో ఆ పని మెకెంజీకి ఇచ్చింది. దాంతో 1951లో భారతి బ్రెయిలీ ఖాయమైంది. సూత్రం ఒక్కటే: ఏ భాషైనా ఒక ధ్వనికి ఒకే చుక్కలు. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కల చోట్లుంటాయి, వాటికి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. 'క'కి ఒకటి, మూడు నంబరు చుక్కలు. 'ల'కి ఒకటి, రెండు, మూడు. తెలుగు పిల్లాడు 'కల' అని చదివిన ఆ రెండు గళ్లనే హిందీ పిల్లాడు 'కల్' అని చదువుతాడు. లిపులు వేరైనా వేలికి తగిలేవి అవే చుక్కలు.

మరి చదివాక ఉద్యోగం? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం, అందులో చూపులేనివాళ్లకి, చూపు మందగించినవాళ్లకి కలిపి 1 శాతం. బాగానే ఉంది. కానీ ముందు ఏ పోస్టు ఎవరు చేయగలరో ఒక లిస్టు తయారవుతుంది, అందులో ఉంటేనే రిజర్వేషన్. నాకు ఇక్కడే అభ్యంతరం. సెయింట్ డన్‌స్టన్స్‌లో ముందు పని నేర్పేవాళ్లు. మన దగ్గర మాత్రం మనిషి చేయి వేయకముందే కాగితం మీద తేల్చేస్తారు. మీ ఆఫీసులో ఆ లిస్టు ఎలా ఉందో, చూపులేని సహోద్యోగి ఏ సీట్లో పనిచేస్తున్నారో కింద కామెంట్‌లో రాయండి.