చెవికీ చేతికీ కూడా పాఠం

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

సంగీతంలో చేర్పించి ఆరు నెలలు తిరగకముందే తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఒకటుంది: "మా అమ్మాయి కీర్తనల్లోకి ఎప్పుడు వస్తుందండీ?" ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ నలభై కీర్తనలు పాఠమైన ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, వీణ మీద నాలుగు స్వరాలు మీటి, అవేమిటో చెప్పమ్మా అంటే చెప్పలేకపోయింది. నా మనసు చివుక్కుమంది. ఆ పిల్లది చక్కని గొంతు. ఆమె చెవికి మాత్రం ఎవరూ పాఠం చెప్పలేదు.

మరుసటి రోజు నుంచి ఆమె చేత ఒక పని చేయించాను. మోహన రాగంలో ఉన్నవి ఐదే స్వరాలు కదా. తోటి విద్యార్థిని రెండు స్వరాలు వాటి పేర్లు పలకకుండా అకారంలో పాడాలి, ఈమె వాటి పేర్లు చెప్పాలి. ఆ తర్వాత మూడు, ఆపైన ఐదు. రోజుకు పది నిమిషాలు, అంతే. కొన్నాళ్లకు, ఎన్నడూ నేర్చుకోని గీతాన్ని విని, దాని స్వరాలు కాగితం మీద రాసి తెచ్చింది. రెండు చోట్ల తప్పులున్నాయి. అయినా ఆ కాగితం చూసినప్పుడు కలిగిన సంతోషం, ఆమె ఏ కచేరీ విన్నప్పుడూ నాకు కలగలేదు.

ఇక తాళం. శ్రుతికి ఫోను పెట్టుకోండి, తప్పులేదు. తాళం మాత్రం మీ చెయ్యే వెయ్యాలి. మూడు కాలాలు, అంటే మూడు వేగాలు, అందరూ సాధన చేస్తారు. తాళంలో ఒక్కో అక్షరానికి, అంటే ఒక్కో లెక్కకు, మూడేసి స్వరాలు పాడే తిశ్రం దగ్గరే చాలామంది జారుకుంటారు. తొలి పాఠమైన మొదటి సరళీ వరుసలో పదహారు స్వరాలు. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో అక్షరానికి మూడేసి చొప్పున ఆ వరుసను మూడుసార్లు పాడితే సరిగ్గా రెండు ఆవర్తనాలకు, అంటే తాళం రెండు చుట్లు తిరిగేసరికి, సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బ మీదికి, వచ్చి నిలవాలి. చెయ్యి తొందరపడినా, నోరు వెనకబడినా అక్కడ దాచుకోలేరు.

గాత్ర విద్యార్థులు ఒక వాద్యం కూడా పట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. గాత్ర విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వయోలా, వయొలిన్, మృదంగం, కంజీర వాయించారు. మరో గాత్ర విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ కూడా అభ్యసించారు. వాళ్లంతటి వాళ్లం కావాలని కాదు. తోడి రాగంలో గాంధార స్వరం రిషభ మధ్యమ స్వరాల నడుమ ఊగుతుందని వందసార్లు చెప్పినా గొంతుకు అందనిది, తీగ మీద వేలు జరుగుతుంటే కంటికి కనిపిస్తుంది.

సాహిత్యం సంగతి చెప్పాలంటే నాకు కొంచెం బాధే. తెలుగు రాని విద్యార్థులు త్యాగరాజు కీర్తనకు ప్రతిపదార్థం రాసుకుని నేర్చుకోవడం చూశాను. మన పిల్లలు మన భాషేగదా అని అడగరు, పదం మధ్యలో ఊపిరి తీసుకుంటారు. పాడే ముందు పల్లవిని ఒకసారి మామూలు మాటలా చదవండి. ఎక్కడ ఆగాలో ఆ వాక్యమే చెబుతుంది.

మాటలు చాలు. అందరూ కుడిచెయ్యి తొడ మీద పెట్టండి. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం, తిశ్రం. తాళంలో మొదటి భాగమైన లఘువు నేను మొదలుపెడతాను, మీరందుకోండి.