‘అయోడిన్ పడదు’ అని రాయకండి

అందరికీ నమస్కారం. కార్యదర్శి గారు అభిమానంతో నన్ను ‘డాక్టరమ్మ’ అనేశారు. కాదండీ, నేను సి.టి. స్కాన్ టెక్నీషియన్‌ని. ఈ చెన్నైలోనే 27 ఏళ్లు ఆ చల్లటి గదిలో పనిచేసి రిటైరయ్యాను. వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా నమస్కారం చెప్పాలి గానీ, నాకిచ్చిన 20 నిమిషాల్లో 6 నిమిషాలు శాలువాలకే పోయాయి. క్షమించాలి.

కరపత్రంలో ‘స్కాన్‌లో వాడే అయోడిన్ మందు, జాగ్రత్తలు’ అని వేశారు. దాన్ని అందరూ డై అంటారు. అందులో రంగేమీ ఉండదు. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, వేలికంటితే జిగురు. అయోడిన్ ఎక్స్-రేలను బాగా అడ్డుకుంటుంది కాబట్టి, మందు పారిన రక్తనాళాలు ఫిల్మ్‌లో తెల్లగా వెలుగుతాయి. మిషన్ ఆ మందును నరంలోకి సెకనుకు 3, 4 మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది. ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుప రుచి వస్తుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. పోదు, కంగారు పడకండి. సూది గుచ్చిన చోట నొప్పిగా, ఉబ్బుతున్నట్టు ఉంటే మాత్రం గట్టిగా అరవండి. మందు నరంలోకి కాక కండలోకి పోతోందన్నమాట. మర్యాద కోసం ఓర్చుకుని చెయ్యి వాచాక చెప్పినవాళ్లను ఎంతమందినో చూశాను.

పాత మందులు ఇంతకంటే మొరటువి. మెరీనాలో మునిగితే కళ్లు మండుతాయి కదా? 1960లలో టోర్‌స్టెన్ ఆల్మేన్ అనే స్వీడన్ డాక్టర్ కూడా ఇదే ఆలోచించాడు. ఉప్పెక్కువున్న సముద్రంలో కళ్లు మండుతున్నాయి, ఉప్పు తక్కువున్న బాల్టిక్‌లో మండటం లేదు. రక్తనాళం సంగతీ ఇంతే కదా అనుకున్నాడు. అప్పటి మందు గాఢత రక్తం కంటే ఐదారు రెట్లుండేది. దాన్ని తగ్గించే దారి ఆయన పట్టుకుంటే, ఆ దారిలోనే తర్వాత ఐయోహెక్సాల్ లాంటి కొత్త మందులు వచ్చాయి. 1990లో జపాన్‌లో 3 లక్షలకు పైగా కేసులు లెక్కగట్టారు. పాత రకంతో 10,000 మందిలో 22 మందికి తీవ్రమైన రియాక్షన్ వస్తే, కొత్త రకంతో నలుగురికి వచ్చింది.

కిడ్నీల గురించి కూడా రాసుకొచ్చాను, ఇదిగో కాగితం. కానీ నేను వచ్చింది మా అత్తగారి గురించి చెప్పడానికి. ముందు అది చెప్పనివ్వండి.

మా అత్తగారిది నెల్లూరు దగ్గర పల్లె. కడుపునొప్పని మా మరిది అక్కడే ఒకచోట స్కాన్ చేయించాడు. మందు ఎక్కించిన పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు. వాళ్లు వెంటనే చూశారు, తగ్గింది, అందులో తప్పేమీ లేదు. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద ఎర్ర ఇంకుతో ‘అయోడిన్ ఎలర్జీ’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. అంతే. ఏ మందు, ఎంత ఎక్కించారు, ఏమైంది, దేనికి తగ్గింది, ఒక్క ముక్క లేదు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ మా ఇంటికొచ్చేశారు. అయోడిన్ అంటే ఉప్పు కదా, ప్యాకెట్ ఉప్పు మానేసి అయోడిన్ కలపని కల్లుప్పు తెచ్చాం. సముద్రంలో అయోడిన్ ఉంటుంది కదా, చేపలు బంద్. నెల్లూరు మనిషికండీ! మామిడికాయ వేసిన పులుసు మేం తింటుంటే, ఆవిడ మజ్జిగన్నం కలుపుకుని అటు తిరిగి కూర్చునేవారు. ఏడాదిన్నర. అదే సమయంలో మా అమ్మాయి పురిటికి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు మామూలు వాళ్లకంటే ఎక్కువ అయోడిన్ కావాలి. అదీ ఆ కల్లుప్పే తింది. దేవుడి దయ, ఏమీ కాలేదు. కానీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

నీకు తెలియదా అంటారా? మా ఫారంలోనే ‘రొయ్యలు పడవా?’ అనే ప్రశ్న ఉండేది. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరినీ అడిగాను. ఎందుకు అడుగుతున్నామని నేను ఒక్కరోజూ అడగలేదు.

తర్వాత ఆవిడకు ఇక్కడ మళ్లీ స్కాన్ అవసరమైంది. ‘పోయినసారి ఏ మందు? ఐయోహెక్సాలా, ఐయోపమిడాలా?’ అన్నారు రేడియాలజిస్టు. నా దగ్గర ఎర్ర ఇంకు తప్ప ఏముంది? మందు మార్చాలంటే మొదటిదేదో తెలియాలి కదా. మరిది వెళ్లి అడిగితే రికార్డు లేదన్నారు. చివరికి 13 గంటల ముందు, 7 గంటల ముందు, 1 గంట ముందు రియాక్షన్ రాకుండా స్టెరాయిడ్ మాత్రలిచ్చి, ఒకవేళ గట్టిగా వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే పెట్టుకుని చేశారు. నేను అద్దం వెనక నిలబడి ఆవిడ మెడ వైపే చూస్తున్నాను, ఎర్రబడుతుందేమోనని. ఏమీ రాలేదు.

అరగంట కూర్చోబెట్టారు. అక్కడి డాక్టరమ్మ ఊరికే పలకరింపుగా ‘పాటీ (మామ్మా), ఇవాళ ఇంట్లో ఏం వంట?’ అంది తమిళంలో. మా అత్తగారు తెలుగులో ‘చేపలు తినను తల్లీ, నాకు అయోడిన్ పడదు’ అన్నారు. అది నేనే తమిళంలోకి మార్చి చెప్పాలి. సగం చెప్పేసరికి నా నోరు నాకే ఆగిపోయింది. డాక్టరమ్మ నా వైపు చూసింది.

పడనిది అయోడిన్ కాదండీ. మన థైరాయిడ్ హార్మోన్‌లోనే అయోడిన్ ఉంది, అది లేకపోతే బతకం. ఈ మందు మూడు అయోడిన్ రాళ్లు పొదిగిన ఉంగరం లాంటిది. పడనిది ఆ ఉంగరం, రాళ్లు కాదు. రొయ్యలు పడనివాళ్లకు పడనిది రొయ్యలోని ప్రోటీన్. గాయాలకు పూసే అయోడిన్ మందు బెటాడిన్‌తో దురద వచ్చినా దీనికీ దానికీ సంబంధం లేదు. ఏ ఎలర్జీ ఉన్నా, ఆస్తమా ఉన్నా చెప్పండి, జాగ్రత్తగా చూస్తారు. రొయ్యకు మాత్రం ప్రత్యేక హోదా ఏమీ లేదు.

ఆ వెనక వరసలో పెద్దాయన వాచీ చూసుకుంటున్నారు, అయిపోవచ్చిందండీ. కిడ్నీల సంగతి గబగబా చెప్పేస్తాను. సుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు అందరూ మానక్కర్లేదు. కిడ్నీ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె, 30 కంటే తక్కువుంటే ఆపి, స్కాన్ అయిన 48 గంటలకు మళ్లీ పరీక్ష చూసి మొదలుపెట్టమంటారు. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఈ మందులో అయోడిన్ తక్కువేమీ కాదు, 100 మిల్లీలీటర్లలో 30 గ్రాముల దాకా ఉంటుంది. పాలిచ్చే తల్లులు పాలు మానిపించక్కర్లేదు. స్కాన్ అవగానే ఆటో ఎక్కేయకండి, అరగంట కూర్చోండి. గొంతు బొంగురుపోయినా, దురద పెట్టినా నర్సును పిలవండి.

బయట టేబుల్ మీద అట్టముక్కలు పెట్టాను. మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, తేదీ, ఏమైంది, దేనికి తగ్గింది. ఐదు గళ్లు. ఎవరికైనా రియాక్షన్ వచ్చి ఉంటే ఆ స్కాన్ సెంటర్‌కి ఈ వారమే వెళ్లి, రికార్డు పోకముందే రాయించుకోండి. ‘అయోడిన్’ అని రాసిస్తే తీసుకోకండి, తిప్పి ఇచ్చేయండి.

మా అత్తగారా? ఆ ఆదివారమే కాశిమేడు చేపల రేవుకు వెళ్లి వంజరం తెచ్చాను. పులుసు తిని, ఉప్పు తక్కువైందన్నారు.