ఉప్పు మూట మోసినవాడి ఊరు

అందరికీ నమస్కారం.

మా అల్లుడు క్యూబెక్‌వాడు. వాళ్ల వంశంలో కెనడాకు మొదట వచ్చిన పెద్దాయన ఫ్రెంచి సైనికుడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మూడేళ్ల కిందట నేనూ అల్లుడూ కలిసి ఆయన పుట్టిన ఊరు వెతకడం మొదలుపెట్టాం. ఫ్రాన్స్ నుంచి పంపించిన ఖైదీల జాబితాలో ఆయన పేరు కనిపించింది. పక్కన 'ఫో-సోనియే' అని ఉంది. దొంగ ఉప్పు అమ్మేవాడని అర్థం. ఆ రోజు మా వియ్యపురాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మాటకు సిగ్గుపడాలో లేదో తేలాలంటే 'గాబెల్' గురించి తెలియాలి. అది ఫ్రాన్స్ రాజు వేసిన ఉప్పు పన్ను. బ్రిటనీ ప్రాంతానికి ఆ పన్ను లేదు. సరిహద్దు దాటి మేన్, ఆంజూ ప్రాంతాలకు వస్తే అదే ఉప్పు ఎన్నో రెట్లు ఖరీదు. పోనీ కొనకుండా ఉందామంటే కుదరదు. 8 ఏళ్లు దాటిన ప్రతి మనిషి లెక్కన ఏటా ఇంత ఉప్పు కొని తీరాలి. అదైనా వంటకే వాడాలి. చలికాలానికి పంది మాంసం ఊరబెట్టుకోవాలంటే వేరే ఉప్పు కొనాలి, వేరే పన్ను కట్టాలి! అందుకే కూలీ జనం రాత్రిపూట మూటలు భుజాన వేసుకుని సరిహద్దు దాటేవాళ్లు. కుక్కల ఒంటికి కట్టి కూడా పంపేవాళ్లు. ఆయుధాలు పట్టుకుని తిరిగిన ముఠాలూ ఉన్నాయి, కాదనను. కానీ 1930లో మన కోస్తా ఊళ్లలో ఉప్పు వండి జైలుకెళ్లినవాళ్లను మనం దొంగలని అనలేదు కదా అని మా వియ్యపురాలికి చెప్పాను.

జరిమానా కట్టలేనివాళ్లను గాలీ ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పంపేవాళ్లు. అప్పట్లో ఫ్రెంచి వలసగా ఉన్న కెనడాలో పనిచేసే చేతులు తక్కువ. అందుకని 1730 నుంచి ఓ పదమూడేళ్లలో సుమారు 600 మంది ఉప్పు ఖైదీలను క్యూబెక్‌కు ఓడ ఎక్కించారు. కొందరిని రైతుల దగ్గర పనికి పెట్టారు, కొందరిని సైన్యంలో చేర్చారు. కాబట్టి సైనికుడన్న ఇంటి మాట కూడా అబద్ధం కాకపోవచ్చు.

ఇక ఊరు వెతకడం. ఖైదీల జాబితా అక్కడ పనికిరాలేదు, పెళ్లి నమోదు పనికొచ్చింది. క్యూబెక్ చర్చి రిజిస్టర్లలో పెళ్లికొడుకు తల్లిదండ్రుల పేర్లు, ఊరి చర్చి, డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) రాసే అలవాటు ఉండేది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ రిజిస్టర్లను కుటుంబాలవారీగా కలిపి పెట్టారు. అందులో ఆ పెద్దాయన పెళ్లి పేజీ తెరిస్తే సిరా అలికిపోయి ఉంది. పాదిరీ తన చెవికి ఎలా వినపడితే అలా రాశాడు ఊరి పేరు. మ్యాప్‌లో అలాంటి ఊరే లేదు! పైకి చదివి, వినపడిన శబ్దాన్ని పట్టుకుని వెతికితేనే దొరికింది. ఫ్రాన్స్‌లో మాయెన్ జిల్లాలోని లవాల్ దగ్గర చిన్న పల్లె. మాయెన్ జిల్లా ఆర్కైవ్స్ పాత చర్చి రిజిస్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఇంటిపేరుతో పాటు 'దీ' (అంటే 'అనబడే') అని పెట్టుకునే మారుపేరు కూడా రాసుకుని వెతకండి. లేకపోతే మనిషి చేజారిపోతాడు.

చివరికి బాప్టిజం నమోదు దొరికింది. తండ్రి రోజుకూలీ. అడుగున పాదిరీ, తండ్రికి సంతకం రాదని రాశాడు. క్యూబెక్‌లో కొడుకు పెళ్లి కాగితం అడుగునా అదే మాట. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన ప్రింటు తీసి మా వియ్యపురాలి చేతికిచ్చాం. ఆమె వాటిని ఫ్రేము కట్టించి వంటగదిలో తగిలించింది.